రుద్రూర్ దారిలో గరక వైద్యం

హైదరాబాదులో ఇరవై ఏళ్లుగా గోల్ఫ్ మైదానాల గడ్డి చూసుకుంటున్నవాణ్ని. బోధన్ దగ్గర గోల్ఫ్ మైదానంతో ప్లాట్ల వెంచరు వేసిన ఓ ఓనరు "సార్, మా గడ్డి పోయింది, అర్జంటుగా రండి" అని ఫోన్ చేస్తే, కాచిగూడలో ఏడింటి రైలెక్కాను. మీరూ అటు వెళ్తే ఎడమవైపు కిటికీ పట్టుకోండి, ఎండ కొట్టదు.

పదిన్నరకు నిజామాబాద్. చాయ్ తాగి బోధన్ బస్సెక్కాను. పక్క సీట్లో బట్టల వ్యాపారం చేసే ఓ పెద్దాయన, నా పని విని నవ్వాడు.

"గడ్డి పెంచనీకె హైదరాబాద్ నుంచి ఆద్మీ గావాల్నా సాబ్?"

సగం జామకాయ ఇచ్చాడు కాబట్టి ఊరుకున్నాను. సర్టిఫికెట్లున్నవాణ్ని మరి.

బోధన్‌లో బగారన్నం, దాల్చా తిని, రుద్రూర్ వైపు ఆటోలో ఒకటిన్నరకు చేరాను. చెరుకు తోటల మధ్య గేటు, దానిమీద బంతి కొడుతున్న తెల్లదొర బొమ్మ. బ్రోషర్లో బంతి పడే గుంతలు తొమ్మిది; నేలమీద ఒకటే. దానిచుట్టూ, చాపల్లా చుట్టి లారీలో తెప్పించిన ఖరీదైన గడ్డి ఉండాలి. ఉన్నది నున్నటి నల్లరేగడి. ముగ్గు వేయడమే తక్కువ.

మొన్న ఓనరు ఊరెళ్తూ కలుపు తీయమన్నాడట. తోటపనికి నెల జీతం మీద కుదిరిన గంగవ్వ, చెరుకులో కలుపు తీసే ఆడవాళ్లను పిలుచుకొచ్చి ఒక్క పోచ మిగలకుండా పీకించింది.

"గిది గరక సారూ," అంది, పీకిన కుప్ప చూపిస్తూ. అరవై దాటిన మనిషి. "చెరుకుల జిందగంత దీన్నే పీకిన. దీన్ని గూడ కొనుక్కుంటరని నాకేం ఎర్క?"

ఆమె చెప్పింది నిజమే. లాటిన్ పేరు పెట్టి మేం అమ్మేది మేలురకం గరకే.

"అవ్వా, గడ్డి మళ్ల రాకుంటే నీ నౌకరి పోయినట్టే," అన్నాడు ఓనరు.

గంగవ్వ మొహం పాలిపోయింది. "మోకాళ్లు అరిగినయ్ బాంచెన్, చెరుకుల ఇగ పొద్దంత వంగలేను. గరక సస్తదా? నలభయ్యేండ్లు పీకిన, ఎన్నడన్న సచ్చిందా? గట్టు మీద తీగెలున్నయ్. తుంటలు జేసి నాటి, ఇసుక సల్లి, తడి ఆరకుండ సూడు. నెల రోజులల్ల పచ్చగైతది."

అంతకన్నా మంచి వైద్యం నాకు తెలియదు. ల్యాప్‌టాప్ తెరిచి ఆమె నాలుగు మాటల్నీ ఇంగ్లీషులో రెండు పేజీలు చేశాను. ఓనరు చదివి "ఏం దిమాక్ సార్ మీది!" అన్నాడు. ఇది గంగవ్వ చెప్పిందేనని నోటిదాకా వచ్చింది. సర్టిఫికెట్లు అడ్డొచ్చాయి.

నాలుగింటికి బస్సు, ఐదున్నరకు రైలు. ఇందల్వాయి దాటాక ఓనరు ఫోన్.

"తీగెలు రేపే నాటిస్తున్న సార్, అచ్చం మీరు రాసినట్టే. గంగవ్వను తీసేసిన. మీ అసుంటోళ్లు దొరికినంక ఆ ముసల్ది ఎందుకు? నెలకోసారి మీరే రండి."

సరేనన్నాను. సిగ్గేసింది, అయినా సరేనన్నాను.

చూడాలనుకునేవాళ్లు ఓ నెల ఆగి వెళ్లండి. పచ్చగా, కళ్లకు చల్లగా ఉంటుంది. ఎవరు పెంచారని అడిగితే నా పేరు చెబుతారు.