పైడమ్మ పిన్ని గది స్లాబు

ఇన్నేళ్ళూ ఈ మాట గుండెల మీద కుంపటై ఉన్నాది. మీరు నన్నెరగరు, అందుకే మీకు చెప్తున్నాను. చెప్తుంటే కూడా భయంగానే ఉన్నాది.

మాది కలకత్తా రేవు పక్కన గార్డెన్ రీచ్. శ్రీకాకుళం నుంచి రేవు పనికొచ్చిన కుటుంబాలం కలిసి, ఎర్రజెండా ప్రభుత్వం ఇచ్చిన జాగాలో తక్కువ అద్దె గదులు మేమే కట్టుకున్నాం. అద్దె మా కమిటీకే. మరమ్మతులూ మావే. దాదా, అంటే అన్న, అని మేం పిలిచే ఒక బెంగాలీ ఇంజినీరు వచ్చి మాకు పని నేర్పాడు. స్లాబులు చూసే పని నాకొచ్చింది. వానలకి ముందు వెదురుకర్రతో పైకప్పు కొట్టి వినాలి. డొల్లగా మోగితే గది ఖాళీ చేయించాలి. బాగయ్యేదాకా ఆ ఇంటివాళ్ళు వంతు ప్రకారం ఇంకొకరి గదిలో ఉంటారు.

ఆ ఏడు గదిలో చోటివ్వాల్సిన వంతు నాది. నాకు పెళ్ళై మూడు నెలలు. ఉన్నది ఒక్కటే గది.

పైడమ్మ పిన్ని ఒంటరిది. ఆవిడ మంచం పైన కర్ర వేస్తే డొల్లగా మోగింది. మళ్ళీ కొట్టాను. అదే మోత. పిన్ని చాటలో బియ్యం ఏరుకుంటున్నాది.

"ఏటి నాయనా, ఎలాగున్నాది?"

"ఏటీ లేదు పిన్నీ. గట్టిగానే ఉన్నాది."

"నువ్వు సెప్పినావు, ఇంక నాకు బెంగ లేదు."

శ్రావణంలో ముసురు పట్టింది. స్లాబు పెచ్చు ఊడి మంచం మీద పడి పిన్ని కాలు నుజ్జయింది. అందరూ వానని తిట్టారు. నేనూ తిట్టాను. ఆవిడని ఆసుపత్రికి రిక్షాలో తీసుకెళ్ళిందీ నేనే. దారంతా ఆవిడకేమవుతుందో అన్న భయం కంటే, ఆ రోజు మోత ఆవిడా విన్నదేమో అన్న భయమే నన్ను ఎక్కువ వణికించింది. ఇంత నీచుడినా నేను?

తర్వాతైనా నిజం ఎందుకు చెప్పలేదు? చెప్తే మేం నేర్చుకున్న పనినే ఎవరూ నమ్మరు, కట్టుకున్నదంతా చేయి జారిపోతాదని నాకు నేనే చెప్పుకున్నాను. అందులో సగం నిజం. మిగతాది పిరికితనం. అప్పట్నుంచీ నా చెవిని నేనే నమ్మను. గట్టి గదుల్ని కూడా ఖాళీ చేయించాను. జనం దాన్ని జాగ్రత్త అనుకున్నారు. కొత్తవాళ్ళకి పని నేర్పమని నన్నే పెట్టారు.

పిన్ని ఇప్పటికీ ఏటా కుంటుకుంటూ వచ్చి ముందు తన గదే చూడమంటాది. ఇంకొకరు చూస్తే నిద్ర పట్టదంట. ఆవిడ ముఖం చూసి చెప్పే ధైర్యం నాకు లేదు, ఎప్పటికీ రాదేమో.

నా గది నాకే ఉండాలని, విని కూడా అబద్ధం చెప్పాను. భయం పోలేదు. ఊపిరి మాత్రం కాస్త ఆడుతున్నాది.