పురుగుల పెట్టె

మొన్న విజయవాడలో మా మరిది కొడుకు పుట్టినరోజని ఒక మాల్‌కి వెళ్ళాల్సి వచ్చింది. కేకు కోసేశాక పిల్లలందరూ ఆటల హాల్లోకి పరిగెత్తారు. వెలుగులు, మోతలు, జాతరంత జనం. వాటి మధ్య ఒక మూల మాత్రం, చుట్టూ ఎర్రతాడు కట్టించుకుని, పాతకాలం వీడియోగేమ్ పెట్టె ఒకటి ఒంటరిగా నిలబడి ఉంది. మనిషెత్తు చెక్క బీరువా, దాని కడుపులో టీవీ, కింద హ్యాండిలు, బటన్లు, బిళ్ళ వేసే సందు. పక్కన 'దయచేసి ముట్టుకోవద్దు' అని బోర్డు. గర్భగుడి ముందు కూడా మనవాళ్ళు అంత దూరం పాటించరు. నేను మెడ సాచి దాని నెత్తి మీద పసుపు మరక ఉందేమోనని చూశాను. లేదు. హ్యాండిలు చివర లారీ గేరు గుండు ఉందేమోనని చూశాను. అదీ లేదు. కనీసం ఒక కోడి ఈక? ఉహూ. "ఏంటి పెద్దమ్మా వెతుకుతున్నావ్?" అన్నాడు పుట్టినరోజు బాబు. "ఏం లేదురా. మా ఇంట్లో ఉన్నది దీనికన్నా చాలా అందంగా ఉండేది" అన్నాను. వాడు నమ్మలేదు. ఈ కాలం పిల్లలు దేన్నీ నమ్మరు.

మాది జగ్గయ్యపేటలో హోల్‌సేల్ కిరాణా కొట్టు. బెల్లం దిమ్మలు, చింతపండు తట్టలు, ఎండుమిరపకాయల టిక్కీ బస్తాలు. ఆ కొట్టులోకి అడుగుపెట్టిన కొత్తవాళ్ళు ముందు తుమ్మి తర్వాత పలకరించేవాళ్ళు. మా తాతయ్యకి సరుకు మీద ఎంత గురో, చేతుల మీద అంతకు మించిన గురి. పొద్దున్నే కొట్టు తాళం తీసింది ఎవరి చెయ్యి, బోణీ చేసింది ఎవరి చెయ్యి, ఆ లెక్కతోనే ఆయన రోజు మొదలయ్యేది. మా ఇంట్లో మంచి చెయ్యి అంటే బాబాయిది. మా నాన్నకి తమ్ముడు, తాతయ్యకి చిన్నకొడుకు. "చిన్నోడు తాళం తీస్తే సాయంత్రానికి కొట్టు ఖాళీ" అని తాతయ్య పదిమందిలో చెప్పుకునేవాడు. తాళంచెవుల గుత్తి ఎప్పుడూ బాబాయి నడుముకే వేలాడుతూ ఉండేది. ఆయన నడిచొస్తుంటే గుళ్ళో ఏనుగు వస్తున్నట్టు ముందు చప్పుడు వచ్చేది.

అలాంటి బాబాయికి తొంభైల్లో, నేను ఇంకా రెండు జడల పిల్లగా ఉన్నప్పుడు, బుద్ధి పక్కదారి పట్టింది. విజయవాడలో ఎక్కడో ఈ ఆట పెట్టెని చూసి, నందిగామ బస్టాండు దగ్గర గది తీసుకుని అందులో ఒకదాన్ని పెడతానన్నాడు. ఇంట్లో యుద్ధమే అనుకున్నాం. చిత్రంగా తాతయ్య వెంటనే ఒప్పుకున్నాడు. ఆయన దాన్ని అచ్చం ఒక సరుకులాగే పరిశీలించాడు. "తరుగు లేదు, పుచ్చదు, ఎలకలు తినవు. చూసి పోయేదానికి జనం డబ్బులిస్తారు. ఇంతకన్నా మంచి యాపారం ఏముందిరా?" అన్నాడు. అప్పటికి ఆయనకి ఎలకల గురించే తెలుసు, కోళ్ళ గురించి తెలియదు.

ఆ పెట్టె మీద ఇంగ్లీషులో ఏదో పేరుండేది. నందిగామలో ఎవరూ దాన్ని చదివిన పాపాన పోలేదు. పైనుంచి పచ్చటి పురుగుల్లాంటివి బారులు తీరి కిందికి దిగుతుంటాయి, మనం కింద తుపాకీతో వాటిని కాల్చాలి. అందుకని అందరూ 'పురుగుల ఆట' అన్నారు. కాలేజీ కుర్రాళ్ళ కోసమని బాబాయి పెడితే, వచ్చి మీదపడింది పత్తి రైతులు. ఆ రోజుల్లో మా వైపు పత్తిచేలని పచ్చపురుగు కాల్చుకు తింటోంది. పురుగుమందుల కొట్టుకొచ్చిన రైతు, డబ్బా చంకన పెట్టుకుని, బస్సు వచ్చేలోపు మా బాబాయి గదిలో దూరేవాడు. "చేలో ఎంత కొట్టినా చావట్లేదు గదరా! ఇక్కడన్నా చావండి!" అని పళ్ళు కొరుకుతూ బటన్ నొక్కేవాళ్ళు. ఒకాయన ఓడిపోయినప్పుడల్లా "మందు నకిలీదండీ" అనేవాడు. బాబాయికి నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. పెట్టె మాత్రం బ్రహ్మాండంగా నడిచింది.

ఆ ఏడాది ఆయుధపూజకి నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కి నందిగామ వెళ్ళింది. కొట్టులో కాటాకీ రాళ్ళకీ పూజ చేస్తూ కొడుకు పెట్టెని వదిలేస్తే ఎలా అని ఆవిడ బాధ. మేం వెళ్ళేసరికి బాబాయి పూలదండ తేవడానికి బజారుకెళ్ళాడు. ఆయన వచ్చేదాకా ఆగే మనిషి కాదు మా నాయనమ్మ. పెట్టెకి పసుపు రాసింది, బొట్లు పెట్టింది, టీవీ అద్దానికి ఇంకో పెద్ద బొట్టు పెట్టింది. కాయ కొట్టడానికి గదిలో రాయి కనిపించలేదు. హ్యాండిలు దగ్గరున్న ఇనప అంచు కనిపించింది. ఠప్పుమని కొట్టి, చిప్పల్లో నీళ్ళు చుక్క కిందపడకుండా బటన్ల మీదా బిళ్ళ వేసే సందులోనూ పోసింది, చంటిపిల్లాడికి నలుగు పెట్టి నీళ్ళు పోసినంత ప్రేమగా. తర్వాత పైట కొంగుతో తుడిచి, హారతిచ్చి, నన్ను కూడా దణ్ణం పెట్టుకోమంది. పెట్టుకున్నాను. బాబాయి దండతో వచ్చేసరికి అంతా శుభ్రంగా ఉంది.

పెట్టె ఆ మధ్యాహ్నం దాకా బాగానే ఆడింది. తర్వాత పురుగులన్నీ అడ్డంగా సాగి, గీతలైపోయి, ఒకసారి బుయ్యిమని మూలిగి పడుకుంది. మళ్ళీ లేవలేదు. ఎవరో టీవీ మెకానిక్ వచ్చి వెనక తలుపు తీసి, ముక్కు గోక్కుని, "ఇది మన టీవీల్లాంటిది కాదండి" అని మళ్ళీ మూసేశాడు. తాతయ్యకి మాత్రం రోగం తేలిపోయింది. "సరిగ్గా పండగనాడు ఆగిందంటే అది అమ్మవారి మాట. వాడి చేతికి అచ్చిరాలేదు" అన్నాడు. అంతే. పెట్టెని గది నుంచి తీసేయించి, గరికపాడు దగ్గర ధాబా పెట్టుకున్న ఒకాయనకి ఇచ్చేశారు. పెట్టె పోతే పోయింది. తాతయ్య మర్నాడు బాబాయి నడుము నుంచి తాళాల గుత్తి కూడా విప్పించి మా నాన్నకిచ్చాడు. ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి నేను చూసిన బాబాయి వేరు. పొద్దున్న కొట్టు తెరిచే వేళకి ఆయన ఎదురు రాకుండా ఏదో ఒక పని చెప్పి పంపేవాళ్ళు. గోడౌన్‌లో బస్తాలు చూసుకోమనేవాళ్ళు. ఎప్పుడైనా ఆయన చేత్తో మొదటి పొట్లం కట్టబోతే, నాన్న నెమ్మదిగా "ఉండరా, నేను కడతాలే" అనేవాడు. బాబాయి చెయ్యి వెనక్కి తీసుకుని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. పైగా ఆయనే తన చేతిని నమ్మడం మానేశాడు. నా పదో తరగతి హాల్ టికెట్ తెచ్చి, నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. దాన్ని మించిన దుఃఖం నాకు ఆ ఇంట్లో ఇంకోటి గుర్తులేదు.

రెండువేల సంవత్సరం దాటాక నేను ఎలక్ట్రానిక్స్‌లో ఇంజినీరింగ్ పూర్తిచేసి, ఉద్యోగమో పెళ్ళికొడుకో ఏది ముందొస్తే దానికోసం ఇంట్లో కూచున్నాను. ఒకరోజు బాబాయి స్కూటర్ మీద కోదాడ వెళ్ళొస్తూ గరికపాడు ధాబా దగ్గర టీకి ఆగాం. అక్కడ వంటపాక వెనక, పచ్చడి జాడీలు నెత్తిన మోస్తూ నిలబడి ఉంది పురుగుల పెట్టె! పసుపు మరక ఇంకా అలాగే ఉంది. బాబాయి టీ గ్లాసు పట్టుకుని దాని చుట్టూ తిరిగాడు, ఏదో పోయిన చుట్టం కనిపించినట్టు. నేను అప్పటికప్పుడు "దీన్ని తీసుకెళ్తున్నాం. నేను బాగుచేస్తా" అన్నాను. ఇంజినీరింగ్ చదివిన పొగరు అది. నాలుగేళ్ళలో నేను బాగుచేసింది ఒక్క బటన్ కూడా లేదు.

ధాబా ఆయన నల్గొండ వైపు మనిషి. పెట్టె ఇవ్వడానికి అభ్యంతరం లేదన్నాడు గానీ, "గిప్పుడెట్ల తీస్కపోతరు? లోపట కోడి పొదుగుతాంది. పిల్లలు దిగెదాంక కదిలియ్యద్దు" అన్నాడు. వెనక తలుపు ఊడిన సందులోంచి వంగి చూస్తే నిజమే, సర్క్యూట్ బోర్డు పక్కన గడ్డి పరుచుకుని ఒక ఎర్రకోడి మమ్మల్ని ఎగాదిగా చూస్తోంది. ఇక ప్రతి ఆదివారం మేం టీ వంకతో వెళ్ళడం, బాలింత క్షేమం అడిగి రావడం. ఒకసారి నేను స్క్రూడ్రైవర్ పెట్టబోతే చెయ్యి మీద పొడిచింది. కోడిపొడుపు గురించి మా సిలబస్‌లో లేదు. ఎట్టకేలకు పిల్లలు దిగాయి. పాల వ్యాను ఒకటి మాట్లాడి, చిల్లకల్లు మీదుగా పెట్టెని ఇంటికి తెచ్చాం. తాతయ్య అరుగు మీంచి లేవకుండానే "కొట్టు గడప తొక్కనివ్వను" అన్నాడు. సరేనని పెరటి వసారాలో దింపాం.

బాగుచేయడం అంటే ముందు కడుగుడు. ఈకలు, గుడ్డు పెంకులు, బీడీ ముక్కలు, ఒక చెంచా. టీవీ గొట్టాన్ని మాత్రం షాక్ కొడుతుందన్న భయంతో ధాబాలో ఎవరూ ముట్టుకోలేదు, అది మా అదృష్టం. బటన్ల కింద తుప్పు పట్టిన స్ప్రింగుల బదులు బాల్‌పెన్నుల స్ప్రింగులు వేశాం. ఊడిపోయిన హ్యాండిలు గుండు బదులు, లారీ సామాన్ల కొట్టులో దొరికిన గేరు గుండు, లోపల ప్లాస్టిక్ గులాబీ ఉన్నది, బిగించాం. కరెంటు ఇచ్చే భాగం పూర్తిగా పోయింది. ఎవరో పారేసిన కంప్యూటర్‌లోది తెచ్చి కలిపాను. మొదటిసారి స్విచ్ వేస్తే వీధంతా ఫ్యూజు పోయింది. మా అమ్మ "పెళ్ళిచూపులకి వచ్చేవాళ్ళకి ఏం చెప్పాలే, మా అమ్మాయి వీధుల్లో దీపాలార్పుతుందని చెప్పనా?" అంది.

ఇక మిగిలింది బోర్డు. దాన్ని బయటికి లాగి ఎండలో పెట్టి చూశాను. బిళ్ళ సందుకి సరిగ్గా కింద పడే చోట తెల్లగా, పచ్చగా పొర కట్టి, రాగి గీతలు తినేసి ఉన్నాయి. కోడి పనే అనుకున్నాను. స్పిరిట్‌లో ముంచిన పళ్ళ బ్రష్‌తో రుద్దుతుంటే ఆ పొరలోంచి కుంకుమ రంగు ఊడింది. దానితోపాటు ఒక పీచు. కొబ్బరి పీచు. నా చేతిలో బ్రష్ ఆగిపోయింది. నందిగామ గది, ఠప్పుమన్న చప్పుడు, చిప్పల్లోంచి ధార కట్టిన నీళ్ళు, నేను పెట్టుకున్న దణ్ణం, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి.

"బాబాయ్, నీ చేతిలో ఏ దోషమూ లేదు. నాయనమ్మ దీనికి కొబ్బరినీళ్ళు తాగించింది!" అని గంతేశాను. ఆయన పీచుని చాలాసేపు వేళ్ళ మధ్య తిప్పాడు. సంతోషిస్తాడనుకున్నాను. "నోరెత్తకు. అమ్మకి తెలిస్తే తట్టుకోలేదు" అన్నాడు. "మరి నీ సంగతో?" "నాకు తెలిసింది చాల్లే." నాకు కోపం నషాళానికి అంటింది. ఇన్నేళ్ళకీ, బల్ల మీద పెట్టి ఇచ్చిన ఆ హాల్ టికెట్‌కీ ఎవరు జవాబు చెబుతారు? అయినా ఒట్టు వేయించుకున్నాడు. తినేసిన గీతల మీద సన్నతీగలు అతికిస్తూ నేను ఆ కోపమంతా టంకం మీద చూపించాను.

మళ్ళీ దసరా వచ్చేసరికి పెట్టెలో పురుగులు దిగాయి! రంగులు కాస్త వెలిసినా బారులు బారులుగా దిగాయి. బాబాయి గులాబీ గుండు పట్టుకుని చిన్నపిల్లాడిలా కేకలు పెట్టాడు. ఆయుధపూజ రోజు స్కూటర్‌కి, కాటాకి, మా అమ్మ మిక్సీకి బొట్లు పెట్టుకుంటూ వచ్చిన నాయనమ్మ పెట్టె దగ్గరికి రానే వచ్చింది. తాతయ్య కూడా, ఏదో దారినపోతూ ఆగినట్టు, వసారా గుమ్మంలో కుర్చీ వేయించుకున్నాడు. నాయనమ్మ పసుపు రాసింది. బొట్టు పెట్టింది. కాయ పైకెత్తింది.

"వద్దమ్మా!" అంటూ బాబాయి రెండు చేతులూ చాపి పెట్టె మీద బోర్లా పడ్డాడు.

మా ఇంట్లో అమ్మవారి కాయని ఆపిన మగాడు అంతకుముందు లేడు. తాతయ్య కొడుకు వంక చూశాడు, కాయ వంక చూశాడు, కొడుకు అరచేతులతో కప్పిపెట్టిన బిళ్ళ సందు వంక చూశాడు. "ఏమే, అప్పుడు నందిగామలో కాయ ఎక్కడ కొట్టావు?" అన్నాడు మెల్లగా.

"ఇంకెక్కడ? దీనిమీదే!" అంది నాయనమ్మ గర్వంగా. "నీళ్ళు చుక్క కింద పడనివ్వలేదు తెలుసా? అంతా దానికే పోసా!"

నేను ఒట్టు తప్పలేదు, నోరు విప్పలేదు, కానీ నవ్వు ఆపుకోవడానికి చెంగు నోట్లో కుక్కుకున్నాను. తాతయ్య ముఖంలో మాత్రం నవ్వు లేదు. "మంచిపని చేసావులే" అన్నాడు ఆవిడతో. "ఈసారి గడప మీద కొట్టు." చేతికర్ర వెతుక్కుని లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు విజయదశమి. పొద్దున్నే మామూలుగా గోడౌన్ వైపు తప్పుకుంటున్న బాబాయిని తాతయ్య అరుగు మీంచి పిలిచాడు. తాళాల గుత్తి ఆయన అరచేతిలో పెట్టి, వేళ్ళు తనే మూశాడు. "నువ్వు తియ్యరా చిన్నోడా" అన్నాడు. క్షమాపణ అనే మాట మా తాతయ్య కొట్టులో ఎప్పుడూ లేని సరుకు. బాబాయి ఆ గుత్తిని ప్యాంటు జేబులో వేసుకుంటే ఆ బరువుకి ప్యాంటు ఒకవైపు జారింది. దాన్ని ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో కళ్ళు తుడుచుకుంటూ, గలగలమని చప్పుడు చేసుకుంటూ కొట్టు వైపు నడిచాడు.

నాయనమ్మ మాత్రం చివరిదాకా, ఆ పెట్టె మళ్ళీ నడవడానికి తను గడప మీద కొట్టిన కాయే కారణమని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది. మేమంతా అవునంటే అవునన్నాం. ఒక్క కాయ నీళ్ళు ఆరడానికి మా ఇంట్లో అన్నేళ్ళు పట్టింది.