రాడ్ల లారీకి బ్రేకు తొక్కినవాడు

మొన్న శుక్రవారం పొద్దున్న మా పక్కింటి లారీ డ్రైవరు కన్నుమూశాడు. చుట్టం కాదు. దువ్వాడలో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు మావి, అలా బావ అయ్యాడు. చావు గురించి రాస్తూ సంతోషం అనే మాట వాడకూడదంటారు. నా కూతురు బతికుంది, నా ఒళ్లో మనవడున్నాడు. వాడకుండా ఎలా ఉంటాను?

బావ స్టీల్‌ప్లాంటు నుంచి ఇనుప రాడ్లు తోలేవాడు. రాడ్లెత్తిన లారీకి గట్టిగా బ్రేకు వేయకూడదు. వేస్తే బండి ఆగుతుంది గానీ రాడ్లు ఆగవు. క్యాబిన్ చీల్చుకుని డ్రైవరు వీపులోకి వస్తాయి. "అడ్డొచ్చినోడు పోవాలా, నాను పోవాలా అన్నట్టుంటాది బావా మా బతుకు" అనేవాడు. పది నిమిషాల్లో సరుకులు చేర్చే బళ్లు రోడ్డెక్కాక అది రోజూ ఉండే గండమైంది. ఎడమ పక్క నుంచి ఒకడు దూరతాడు, రాంగ్‌రూట్లో ఇంకొకడు ఎదురొస్తాడు. "ఉల్లిపాయల కోసం సచ్చిపోతారేట్రా!" అని కిటికీలోంచి తిట్టేవాడు. ఇంటికొచ్చి మా అమ్మాయినీ తిట్టేవాడు. దానిదీ అదే ఉద్యోగం.

నిరుడు గాజువాక దాటాక కారు తగిలి మా అమ్మాయి స్కూటీ మీంచి ఎగిరి బావ లారీ ముందు పడింది. ఎవరో బావకు తెలియదు, హెల్మెట్టు కనిపించింది, అంతే. తొక్కేశాడు బ్రేకు. టైరు ఆ హెల్మెట్టుకు ఆనుకుని ఆగింది. రాడ్లు ఆగలేదు. ఒకటి అతని పక్కటెముకలు విరగ్గొట్టి ముందు అద్దం పగలగొట్టుకుని బయటికొచ్చింది.

జనం మూగారు. మన రోడ్ల మీద తీర్పు తెలిసిందే, పెద్ద బండివాడిదే తప్పు. నెత్తురోడుతున్న మనిషిని కాలరు పట్టి కిందికి లాగారు. చెప్పులతో, రాళ్లతో కొట్టారు. ముక్కు పగిలింది. మా అమ్మాయి విరిగిన చేత్తో పాక్కుంటూ వెళ్లి అతని మీద పడింది. "మా మావయ్యరా! నన్ను బతికించాడ్రా! ముందు నన్ను సంపండి!" అని అరిచింది. రెండు దెబ్బలు దాని వీపున పడ్డాకే చేతులు ఆగాయి.

బావ మళ్లీ స్టీరింగు పట్టలేదు. విరిగిన ఎముక గుచ్చుకున్న ఊపిరితిత్తి బాగుపడలేదు.

"నానని తెలిసే తొక్కేవా మావయ్యా?" అని అడిగింది అమ్మాయి ఓసారి.

"నువ్వని తెలిస్తే తొక్కుదునా? మానీమని ఎన్నిసార్లు సెప్పేను!"

ఇంటిల్లిపాదీ నవ్వాం.

పోవడానికి రెండు రోజుల ముందు అమ్మాయి బాబునెత్తుకుని బావ దగ్గరికి వెళ్లింది, వెనకే నేనూ.

"ఈడూ పది నిమిసాల్లో వచ్చీసేడేటి?"

"లేదు మావయ్యా, తొమ్మిది నెలలు తీసుకున్నాడు."

"అదీ పద్ధతి."

నేను బాబును బావ గుండె మీద పడుకోబెట్టాను. పడుకోగానే నిద్రపోయాడు. అంతలో బావకు దగ్గు తన్నుకొచ్చింది. మెడ నరాలు ఉబ్బాయి, కళ్లు నీళ్లతో నిండాయి. పెదాలు బిగించి, మంచం పట్టెలు రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. పిల్లాడు కదల్లేదు.