రిజిస్టరులో పచ్చబొట్లు

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తీర్పిచ్చిన మరుసటి ఏడు, 2018 వానాకాలంలో, నేను ఇనుపగనుల ఊరు కిరండూల్ దగ్గర ఒక సర్కారు ప్రసూతి కేంద్రంలో ఇన్‌చార్జి సిస్టరుగా ఉన్నాను. బడి గడప తొక్కకుండా నాన్న దగ్గరే చదివి, ప్రైవేటుగా పరీక్షలు రాసి, నర్సు శిక్షణ పొంది ఈ కొలువుకు వచ్చినదాన్ని. ఆ భాగ్యానికి రోజూ దేవుడికి దండం పెట్టుకునేదాన్ని.

కాన్పుల రిజిస్టరులో ‘గుర్తులు’ అని ఒక గడి ఉండేది. అడవి ఊళ్లలో హుంగి అనే పేరున్న ఆడవాళ్లు ఊరికి నలుగురైదుగురు. వయసు ఎవరికీ సరిగ్గా తెలియదు. ఒకరి రక్తం గ్రూపు మరొకరి పేరు మీద పడితే ప్రాణం మీదికొస్తుంది. అందుకని ఏ హుంగికి భుజం మీద, ఏ హుంగికి తొడ మీద ఎలాంటి పచ్చబొట్టుందో రాసిపెట్టేదాన్ని.

ఆ సంగతి ఎవరు చెప్పారో, ఒక రోజు పోలీసు క్యాంపు నుంచి ఒక అధికారి వచ్చారు. కోస్తా మనిషి, మర్యాదస్తుడు. చెక్‌పోస్టు దగ్గర నక్సలైట్ ఆడవాళ్లను పోల్చుకోవడానికి ఆ పేజీల ఫోటోలు కావాలన్నారు.

“రెండు నిమిషాల పని సిస్టర్.”

ఇస్తే ఆ ఊళ్ల నుంచి ఇంకో గర్భిణి మా దగ్గరికి రాదు. అడవిలోనే కని, అడవిలోనే పోతారు. చట్టం ఉండాలి, సరైన అవసరం ఉండాలి, అవసరానికి మించి తీసుకోకూడదు: ప్రభుత్వానికి కోర్టు పెట్టిన షరతులివి. ఎవరి గురించి, ఏ చట్టం కింద, ఎందుకు అడుగుతున్నారో రాసి సంతకం పెట్టివ్వమన్నాను.

“కోర్టు ఢిల్లీలో ఉంది. మీరు కిరండూల్‌లో ఉన్నారు.”

“ఇక్కడి ఇనుపరాయి విశాఖ దాకా పోతోంది కద సార్. అక్కడి తీర్పు ఇక్కడి దాకా రాదా?”

ఆయన నవ్వు ఆగింది. సుక్మా అడవుల్లోకి బదిలీ చేయిస్తానన్నారు.

“చేయించండి. అక్కడా కాన్పులుంటాయి.”

మనసులో రాముణ్ని తలుచుకుని బీరువా తాళంచెవి కొంగుకు ముడేసుకున్నాను. మా డాక్టరు గారు, రాతపూర్వక ఆదేశం వచ్చాకే ఇవ్వాలని ఫైలులో రాసి సంతకం పెట్టారు. ఆ మేలు మరవను. ఆదేశం రాలేదు, బదిలీ రాలేదు.

తెర వెనక మంచం మీద, తర్రెం నుంచి కొండ దాటి వచ్చిన హుంగి ఇదంతా వింది. తెలుగు బాగా వచ్చిన దొర్ల తెగ మనిషి.

“ఏంది సిస్టరమ్మా, ఆయన్నైతే కాగితం అడిగినవ్. నా తొడ మీది బొట్టు రాసుకున్ననాడు నువ్వు నన్ను అడిగినవా?”

అడగలేదు. మేలు చేస్తున్నాననుకున్నాను గనక అడగాలని తోచలేదు.

ఇప్పుడు అడిగితే ఆమె వద్దంది. ఆ గడి కొట్టేసి పక్కన సంతకం పెట్టాను. అప్పటి నుంచి అడిగాకే రాశాను. వద్దన్నవాళ్ల మణికట్టుకు నంబరు పట్టీ కట్టాను. కోర్టు షరతులు పెట్టింది ప్రభుత్వానికి. రిజిస్టరు ముందు పెన్ను పట్టుకుని కూర్చున్నప్పుడు ఆ ప్రభుత్వం నేనే.