దండెం కింద చెప్పులు

గోడలోకి డ్రిల్లు దిగుతుంటే లేచిన సిమెంటు దుమ్ము వాసన వంటింటిదాకా వచ్చింది. పెరటి గుమ్మం పైన ఒక దీపం పెట్టించుకుందామని చీపురుపల్లి బజారు నుంచి ఎలక్ట్రీషియన్ని పిలిపించాను. వరండా దీపం లైనునే బయటికి పొడిగిస్తున్నాడు. పైపు చాలలేదని, మిగిలిన దూరం తీగను బట్టలారేసే ఇనప దండేనికి చుట్టేస్తే సరిపోతుందని అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏటమ్మా, అందరిళ్ళలోనూ అలాగే సేస్తన్నాం" అన్నాడు. పైపు తెచ్చేదాకా గుమ్మం తొక్కొద్దని పంపేశాను. అతను చెప్పిన ఆ అందరిళ్ళలో మా పుట్టిల్లు కూడా ఒకటి. అక్కడ ఆ మాటకు ఎదురు తిరిగిన ఒకే ఒక్క మనిషి కామేశ్వరి మేడం.

మేడం నాకు డిగ్రీలో ఫిజిక్సు చెప్పారు. గజపతినగరంలో మా ఇంటి ముందు గదులు అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉండేవారు. మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధి మలుపుదాకా వినిపించేది. క్లాసులో ఎవరైనా "అది అంతే మేడం" అన్నారంటే చేతిలో సుద్దముక్క బల్ల మీదకు విసిరేసేవారు. "అంతే అనుకోడానికి కాలేజీ దాకా ఎందుకొచ్చావు? ఇంటి దగ్గర కూర్చునే అనుకోవచ్చు కదా!" ఆ మాటలు పడలేక సగం క్లాసు ఆవిడను గయ్యాళి అనేది. మిగతా సగం మనసులో అనుకునేది.

మా నాన్న రైతు. పగలు కూడా చీకటిగా ఉండే పశువుల శాలలో వెలుతురు కోసం వరండా బల్బు దగ్గర్నుంచి తీగ లాగించి, పెరడు పొడుగునా ఉన్న ఇనప దండేనికి చుట్టించాడు. ఎండకూ వానకూ ఆ తీగ తొడుగు పగిలిపోయింది. తడిబట్ట వేయబోతే అమ్మ చేయి జివ్వుమనేది. దానికి మా ఇంటి ఆడవాళ్ళు కనిపెట్టిన విరుగుడు రబ్బరు చెప్పులు. దండెం కింద ఎప్పుడూ ఒక జత పడి ఉండేది. బట్టలారేసే ముందు తొడుక్కోవాలి, ఆరేశాక అక్కడే విడిచేయాలి. నేను ఎదిగాక నాకూ అదే నేర్పారు. "సెప్పులేసుకోకుండా దండెం ముట్టుకోకే" అని అమ్మ చెప్పేది, కత్తిపీట దగ్గర వేలు జాగ్రత్త అన్నంత మామూలుగా. తీగ మార్పించమని నోరు తెరిచి అడిగినవాళ్ళు లేరు. పశువులకు వెలుతురు కావాలి. అమ్మకు చెప్పులున్నాయి కదా, ఇంకేం!

ఒక ఆదివారం వాన వెలిశాక, ఎప్పుడూ బట్టలారేసుకునే ముందు వరండా జల్లుకు తడిసిపోయిందని మేడం తడి చీర పట్టుకుని పెరట్లోకి వచ్చారు. అమ్మ బెంబేలెత్తి అరిచింది.

"ఆగండి మేడంగారూ! సెప్పులేసుకోండి."

"ఎందుకండీ?"

"దండెం కొడతాదండి."

మేడం తల ఎత్తి తీగను చూశారు. తల దించి చెప్పులను చూశారు. నేరుగా వరండాలోకి వెళ్ళి మెయిను ఆపి, ఫ్యూజు పీకి, తన హ్యాండుబ్యాగులో వేసుకున్నారు. ఆ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు.

పొలం నుంచి వచ్చిన నాన్నకు ఫ్యాను తిరగకపోయేసరికి సంగతి తెలిసింది.

"ఫ్యూజు ఇచ్చీండి మేడంగారూ. ఇంటి కరెంటుతో మీకేటి పని?"

"ఆ తీగ దండెం మీంచి తీయించండి, ఇస్తాను."

"ఇన్నేళ్ళ నుంచీ ఉన్నాది. ఎవులికేటైనాది? కొంచెం జిల్లుమంటాది, అంతే."

"కొంచెమేనా? అయితే రండి." మేడం లేచి పెరట్లోకి నడిచి, అమ్మ ఉతికిన బట్టల బకెట్లోంచి తడి పంచె తీసి నాన్న చేతిలో పెట్టారు. "చెప్పులు ఇక్కడే విడిచి, మీరే ఆరేయండి. నేను ఫ్యూజు పెట్టేస్తాను."

నాన్న కదల్లేదు. పంచెలోంచి నీళ్ళు కారి పాదాలు తడిసిపోతున్నా ఒక్క అడుగు ముందుకు వేయలేదు. పాపం, తెలియక చేశాడనే అప్పటిదాకా అనుకున్నాను. తెలుసు. ఆయనకు మొదటి నుంచీ తెలుసు. ఆరోజు నాకు పుట్టిన కోపం ఇప్పటికీ చల్లారలేదు, చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు.

మర్నాడే పని జరిగింది. వరండా బోర్డులో శాల దీపానికి వేరే స్విచ్చు పెట్టి, అక్కణ్ణుంచి గోడ వెంట పైపులో తీగ వేయించారు. దండేనికి నైలాను తాడు వచ్చింది. ఆ తాడును ముట్టుకోవడానికి కూడా అమ్మ చాలాకాలం చెప్పులు తొడుక్కుంది.

నెల తిరిగేసరికి నాన్న "ధాన్యం పోసుకోవాలండి, గదులు కావాలి" అన్నాడు. ఆ గదుల్లో ఒక్క బస్తా కూడా పడలేదు, ఏళ్ళ తరబడి తాళం వేలాడింది. "మొగోళ్ళతో వాదులాడితే ఇలాగే అవుతాది" అని వీధిలో ఆడవాళ్ళే నవ్వుకున్నారు. మేడం సామాను రిక్షాలో పెడుతూ నేను ఏడ్చేశాను.

"మా అమ్మ మీ తరఫున ఒక్క మాటైనా అనలేదు మేడం."

"మీ అమ్మ ఈ ఇంట్లోనే ఉండాలి కదే. నేను పెట్టె సర్దుకుని వెళ్ళిపోగలను, అందుకే అరవగలిగాను" అన్నారు. "ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని. పెట్టె సర్దుకోగలిగేంత ఉద్యోగం సంపాదించుకో. అప్పుడు నీ నోరు నీదవుతుంది."

సంపాదించుకున్నాను. నోరు నాదైంది. అత్తవారింట్లో, ఆఫీసులో దాన్ని ధారాళంగానే వాడాను. పెట్టె సర్దుకోవలసిన అవసరం మాత్రం రాలేదు.

మేడం చివరి రోజుల్లో కొత్తవలసలో ఉండి, అక్కడే పోయారట. నాకు ఆలస్యంగా తెలిసింది. నాన్న అంతకుముందే పోయాడు. అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. ఇంటికెవరొచ్చినా ఆవిడ చెప్పే కథ ఒకటుంది. మొన్న నాన్న చెల్లెలు, మా చిన్నత్త వచ్చినప్పుడూ మొదలుపెట్టింది.

"మీ అన్నకి నేనంటే పేనం. దండెం కొడతన్నాదని ఒక్కరోజులో కరెంటంతా మార్పించీసినారు."

"మా అన్న బంగారం" అంది చిన్నత్త కళ్ళు ఒత్తుకుంటూ.

"మార్పించింది కామేశ్వరి మేడం" అన్నాను.

"పోన్లేవే. పోయిన మనిషి మీద ఇప్పుడేటి గొడవ?" అంది అమ్మ.

"మేడం కూడా పోయారు కదమ్మా. ఆవిడ తరఫున ఎవరు మాట్లాడాలి?"

చిన్నత్త టీ గ్లాసు కింద పెట్టి, "ఎంత నోరే నీది!" అంది. అవునత్తా అన్నాను. లేవబోతున్న ఆవిడను చేయి పట్టి కూర్చోబెట్టి, ఆ నోరు నాకు ఎవరిచ్చారో మొదటి నుంచీ చెప్పాను.