మా ఇంటి సంపు కట్టిన ప్లంబరన్న

మా ఇంట్లో ఉప్పునీటి అక్వేరియానికి సంపు కట్టిన ప్లంబరన్న చనిపోయాడని నాకు పేపరు చూశాకే తెలిసింది. జిల్లా పేజీలో అడుగున నాలుగు వాక్యాలు. నంద్యాలలో ఒక అపార్ట్‌మెంటు సంపులో మోటరు పైపు మరమ్మతు చేస్తుండగా కరెంటు కొట్టిందని మొదటిది. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే ప్రాణం పోయిందని రెండోది. భార్య, ఇద్దరు కూతుళ్లు ఉన్నారని మూడోది. కరెంటు ఆపకుండా నిర్లక్ష్యంగా నీళ్లలోకి దిగడమే కారణమని నాలుగోది.

ఆ నాలుగో వాక్యం చదివి పేపరు నలిపి నేలకేసి కొట్టాను. మళ్లీ తీసి సాపు చేసుకుని చదివాను. అదే ఉంది.

ఆయన ఎవరో మీకు తెలియదు. తెలియని మనిషి గురించి పేపర్లో వచ్చింది నమ్మడం తప్పు కాదు. నేను మాత్రం ఐదు ఆదివారాలు ఆయన పక్కన పీట వేసుకుని కూర్చుని ఆయన పని చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

నేను ఆళ్లగడ్డలో గవర్నమెంటు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. చేపలు పెంచడం నాకు చిన్నప్పటినుంచీ ఉన్న పిచ్చి. చెన్నైలో ఒకరింట్లో సముద్రపు చేపల తొట్టి చూసొచ్చాక ఆ పిచ్చి ముదిరింది. ఉప్పు పార్సిల్లో తెప్పించుకున్నాను, గాజు తొట్టి చేయించుకున్నాను. చిక్కంతా సంపు దగ్గరే వచ్చింది. పెద్ద తొట్టి కింద, స్టాండులోపల, ఇంకో చిన్న గాజు తొట్టి పెట్టాలి. పైనీళ్లు గొట్టంలోంచి దిగి, కింద మూడు అరల్లో వడకట్టుకుని, చిన్న పంపుతో మళ్లీ పైకి ఎక్కాలి. ఆ కింది తొట్టినీ సంపు అనే అంటారు. ఆళ్లగడ్డలో ఇద్దరు ప్లంబర్లను పిలిస్తే ఇద్దరూ నవ్వి పోయారు. నంద్యాలలో ఒక హార్డ్‌వేర్ షాపాయన ఈయన నంబరిచ్చాడు.

ఫోన్లో ఆయన అడిగిన మొదటి మాట, "సంపు యాడ తవ్వాల టీచరమ్మా, ఇంటి ముందరా, ఎనకా?"

బస్సు దిగి మా ఇంటికొచ్చి, తొట్టి ముందు నిలబడి, విషయం అర్థమయ్యాక కూడా ఆయన నవ్వలేదు. చేపలకు ఇంత పని ఎందుకని అడగలేదు. నీళ్లు ఎటునుంచి ఎటు పోవాలో కాగితం మీద గీసిమ్మన్నాడు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుపోయి, మరుసటి ఆదివారం దానిమీద తన గీతలు వేసుకుని తెచ్చాడు. నేను ఒక గొట్టం గీస్తే ఆయన రెండు గీశాడు. మొదటిదాంట్లో ఏ నాచో, నత్తో ఇరుక్కుంటే నీళ్లకు రెండో దారి ఉండాలట. "మీరు బడికి పోయింటారు. ఇంట్లో ఎవురూ ఉండరు. అప్పుడు మూసుకుంటే యాడికి పోతాయి నీళ్లు?" అన్నాడు.

ఆయన దగ్గర మంచి ఇత్తడి వాల్వులు ఉండేవి. రాగి కలిసిన ఏ లోహమైనా ఆ నీళ్లలో పెంచే రొయ్యల్ని చంపేస్తుందని చెప్పాను. మారుమాట్లాడకుండా సంచిలో ఇత్తడంతా తీసి గుమ్మం బయట పెట్టి వచ్చాడు. తర్వాత ఏ ఆదివారమూ ఇత్తడి ముక్క లోపలికి తేలేదు. గాజు పలకలు సిలికాన్‌తో అతికించాక ఒక్కరోజు ఆరితే చాలని డబ్బా మీద రాసి ఉంటే, ఆయన వారం ఆరనిచ్చాడు. నేను తొందరపెట్టాను కూడా. "రాసినోడు మీ ఇంటికొచ్చి నీళ్లు ఎత్తిపోయడు గదా" అన్నాడు.

నాలుగో ఆదివారం నీళ్లు పోశాం. గంటసేపు అంతా చక్కగా నడిచింది. ఆయన బస్సెక్కిన కాసేపటికి కరెంటు పోయింది. పంపు ఆగింది. పైకెక్కాల్సిన నీళ్లు అదే గొట్టంలోంచి వెనక్కి లాక్కుని కిందికొచ్చేశాయి. సంపు పొంగి హాల్లో నేలకు పరిచిన బేతంచెర్ల బండలన్నీ ఉప్పునీళ్లు. ఫోన్ చేసి చెప్పాను, కోపంగానే చెప్పాను. మరునాడు నేను బడినుంచి వచ్చేసరికి ఆయన మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వేరే పని మానుకుని వచ్చాడు. తప్పు తనదేనన్నాడు. నిజానికి అది నాది. ఫిజిక్స్ టీచర్ని, సైఫన్ సంగతి నాకు తట్టి ఉండాల్సింది.

ఇద్దరం కూర్చుని ఆలోచించాం. పైకెక్కే గొట్టానికి, నీటిమట్టానికి రవ్వంత కింద, ఒక చిన్న చిల్లు పెట్టాం. నీళ్లు ఆ చిల్లు దిగగానే గాలి దూరి వెనక్కి లాగడం ఆగిపోతుంది. చిల్లు పెట్టి ఊరుకోలేదు ఆయన. ఐదో ఆదివారం పొద్దుటినుంచీ మధ్యాహ్నందాకా పంపు ఆపడం, నీళ్లు ఎక్కడ ఆగుతాయో చూడడం, మార్కరుతో గాజు మీద గీత పెట్టడం. పదకొండుసార్లు. పదకొండు గీతలూ ఒకదానిమీద ఒకటి పడ్డాకే చేతులు కడుక్కున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఐదు ఆదివారాల్లో ఆయన ఒక్కసారి కూడా కరెంటు ఉండగా నీళ్లలో చెయ్యి పెట్టలేదు. స్విచ్చి ఆపేవాడు. అది చాలదని ప్లగ్గు పీకేవాడు. పీకిన ప్లగ్గు కుర్చీ మీద, తనకు కనబడేలా పెట్టుకునేవాడు. నాకు చాదస్తమనిపించి అడిగాను. "స్విచ్చి గోడకుంటాది టీచరమ్మా. దాని మీద పడే చెయ్యి ఎవురిదన్నా కావచ్చు" అన్నాడు. ప్లగ్గు లేనిచోట ఏం చేస్తావన్నా అంటే, గొట్టాల మరలకు చుట్టే తెల్ల టేపు చూపించాడు. స్విచ్చి కిందికి దించి దాని మీద టేపు చుట్టి, అక్కడున్న మనిషికి చెప్పి దిగుతానన్నాడు.

అట్లాంటి మనిషిది నిర్లక్ష్యం అన్నారు.

ఆయన్ను ఆ అపార్ట్‌మెంటుకు పంపింది నేనే. మా ఆయన పినతండ్రి కొడుకు, నాకు మరిది, నంద్యాలలో ఆ బిల్డింగు ఓనరు. మా ఇంటికొచ్చి తొట్టి చూసి, కింద గొట్టాల పని చూసి, ఎవరు చేశారని అడిగాడు. నా పనే మెచ్చుకున్నట్టు పొంగిపోయి నంబరిచ్చాను.

పేపరు చూసిన రోజే నంద్యాల పోయాను. ఆయన ఇల్లు చిన్న సందులో. ప్లంబరన్న భార్యను వాళ్ల ఉర్దూలో భాభీ అని ఫోన్లో పలకరించడమే తప్ప అంతకుముందు చూడలేదు. ఆమెకు తెలుగు చదవడం రాదు. చిన్న కూతురు ఆ నాలుగు వాక్యాలూ చదివి వినిపించిందట. ఆమె ఏడవడం లేదు. నన్ను చూసి ఒకటే అంది. "పోయినోడు ఎట్లాగూ రాడు. పని రానోడని పేరు పెట్టి పంపిస్తాండారు."

అక్కడినుంచి మరిది ఇంటికి పోయాను. కాఫీ తెప్పించాడు. ముట్టుకోలేదు.

"మనిషి పోయినందుకు నాకూ బాధే వదినా. ఆయన ఆపుకోకుండా దిగితే నేనేం జేసేది?"

"ఆపుకోలేదని నీకెవరు చెప్పిరి?"

"చెప్పేదేముంది? ఆపింటే సస్తాడా?"

ఆ మాట అన్నప్పుడు అతను నా ముఖం చూడలేదు. నాకు అక్కడే అనుమానం వచ్చింది. ఇంటికొచ్చి చెప్తే, అయినవాళ్లతో తగాదా ఎందుకన్నాడు మా ఆయన. కేసు కూడా ప్రమాదమని మూసేస్తున్నారు, నువ్వు పోయి ఏం చేస్తావన్నాడు. ఆ వారం మా ఇంట్లో మాటల్లేవు.

మరుసటి ఆదివారం భాభీని వెంటబెట్టుకుని ఆ అపార్ట్‌మెంటుకు పోయాను. వాచ్‌మన్ గోస్పాడు పక్క ఊరాయన, అరవై దాటినవాడు. ముందు నేనే అడిగాను. తనకేమీ తెలియదన్నాడు, ఆ టైములో టీ తాగడానికి పోయానన్నాడు. నేను గొంతు పెంచాను. భాభీ నా చెయ్యి పట్టుకుని ఆపింది. తను ముందుకు పోయి, ఆయన ముందు నేలమీద కూర్చుని, మెల్లగా అడిగింది.

"స్విచ్చి ఆయనే ఏసుకున్న్యాడా అన్నా? అదొక్కటి చెప్పు. ఇంకేం అడగను."

ఆయన కూడా ఆమె ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు.

"ఏసుకోలేదమ్మా. ఆపి, తెల్ల టేపు సుట్టి, నాకు చెప్పే దిగినాడు. మూడో అంతస్తోళ్లకు నీళ్లు రాలేదని ఓనరు ఫోన్ చేసి మోటరు ఎయ్యమన్న్యాడు. లోపల మనిషుండాడు సార్ అంటి. ఈపాటికి ఎక్కింటాడు లే, ఎయ్ అన్న్యాడు. ఆ టేపు నేనే ఇప్పినా."

నాకు ఆయన్ను కొట్టాలనిపించింది. నిజం చెప్తున్నాను, చెయ్యి లేచింది. భాభీ మాత్రం లేచి, మీటర్ల గది దగ్గరున్న కుండలోంచి గ్లాసుతో నీళ్లు ముంచి ఆయనకు ఇచ్చింది. ఆ నీళ్లు తాగాక ఆయన, స్టేషనుకు నేను వస్తాను, పదండమ్మా అన్నాడు.

స్టేషన్లో రెండు గంటలు కూర్చోబెట్టారు. ఇంట్లోవాళ్ల గొడవలు మామీద ఎందుకు తెస్తారని నన్నే అడిగారు. నేను కదల్లేదు. మా ఇంట్లో పని ఎట్లా చేశాడో, పదకొండు గీతలు ఎందుకు పెట్టాడో, ప్లగ్గు కుర్చీ మీద ఎందుకు పెట్టేవాడో అంతా రాసిచ్చాను. వాచ్‌మన్ వాంగ్మూలం రాసుకుని వేలిముద్ర వేయించుకున్నారు. నాలుగుసార్లు తిరిగాక ఒక నకలు చేతికొచ్చింది.

మరిదిని ఇంకా ఎవరూ ఏమీ అనలేదు. కేసు నడుస్తోందంటున్నారు. వాచ్‌మన్ ఉద్యోగం మాత్రం మర్నాడే పోయింది. ఆయన సంజామలలో కూతురింటికి పోయాడు. నిర్లక్ష్యమని అచ్చువేసిన పేపరువాళ్లకు రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. మా బంధువుల్లో సగంమంది నాతో మాట్లాడడం మానేశారు. మానేయనీ. నా కోపం తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా లేదు. మనిషి ప్రాణం తీసి, తర్వాత ఆయన పనితనం కూడా తీసుకోబోయారు. ముప్పై ఏళ్లు చేతులతో సంపాదించుకున్న పేరది.

నకలు చేతికొచ్చిన రోజు భాభీ నన్ను నంద్యాల బస్టాండుదాకా దిగబెట్టింది. బెంచీ మీద కూర్చుని చదవమంది. చదివాను. 'సదరు ప్లంబరు స్విచ్చి ఆపి, టేపు చుట్టి, నాకు తెలియజేసిన పిమ్మటనే సంపులోకి దిగినాడు' అన్నచోట ఆపింది. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. ఆ వాక్యం ఎక్కడుందో చూపించమని, దానికింద గోటితో గీత గీసుకుంది.

నా బస్సు వచ్చింది. కిటికీలోంచి చూస్తే ఆమె కాగితం చేత్తో పట్టుకునే, బస్టాండు మధ్యలోంచి అవతలికి నడిచిపోతోంది. వెనక బస్సుల హారన్లు. ఎవరో పక్కకు జరగమని అరుస్తున్నారు. ఆమె జరగలేదు, తొందరా పడలేదు. తల ఎత్తుకుని, తన నడక తను నడుచుకుంటూ పోయింది.