నలభై ఒక్క చోట్ల నా పేరు

మా బడి లైబ్రరీలో ఇద్దరం. నేను పద్నాలుగేళ్లుగా ఉన్నదాన్ని. ఆ అమ్మాయి నిరుడు హైదరాబాదు నుంచి వచ్చింది. ఈ గల్ఫ్ ఊళ్లో, దార్సైట్ అనే పేటలో ఇద్దరివీ ఎదురెదురు ఫ్లాట్లు. అందుకని బడిలో పుట్టిన అసూయ నాతోపాటే లిఫ్టెక్కి ఇంటికొచ్చేది.

పిల్లల ప్రాజెక్టులకు పనికొచ్చే వెబ్ లింకుల్ని దాచి, అందరితో పంచుకునే సైటొకటి బడిలో మొదలుపెట్టారు. ఎవరి పేజీ వాళ్లది. నచ్చిన లింకును పక్కవాళ్లు తమ పేజీలో దాచుకోవచ్చు. టర్మ్ చివర ఒక పేజీని ఎంచి, లైబ్రరీ కంప్యూటర్లన్నిటిలో తెరవగానే అదే వచ్చేలా పెడతామన్నారు ప్రిన్సిపాల్ గారు. అది నా పేజీయే కావాలని నా కోరిక. పైకి మాత్రం "ఎవరిదైతే ఏంటండీ" అనేదాన్ని.

ప్రతి లింకుకూ ఒక గుర్తు తగిలించాలి. నేను అలవాటు కొద్దీ, పుస్తకాల అలమరల మీద విషయాన్ని బట్టి వేసే అంకెలే తగిలించాను. తాబేళ్లకు 597.92. ఆ అమ్మాయేమో "రేపే ఇవ్వాలి", "బొమ్మలున్నవి" అని పెట్టింది. నా క్రమాన్ని టీచర్లు మెచ్చుకున్నారు. పిల్లలు ఆవిడ పేజీ మీద ఎగబడ్డారు. నా అంకెలను పట్టించుకున్న పిల్లలు ఇద్దరే, అందులో ఒకడు మా వాడు.

ఒక శనివారం సెలవు పూట ఆవిడ పేజీ తెరిచాను, తప్పులు వెతుకుదామని. బాగుంది. అదే బాధ. తీరిగ్గా తప్పులు పట్టొచ్చని ఒక్కొక్కటీ నా పేజీలోకి దాచుకుంటూ పోయాను. మా లైబ్రరీలో ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో రాసే రిజిస్టరు నా సొరుగులో ఉంటుంది, ఇంకొకరు చూడరు. ఇక్కడా అంతే అనుకున్నాను.

ఇక్కడ వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. ఆదివారం పొద్దున బడి తెరవగానే ఆ అమ్మాయి నా బల్ల దగ్గరికొచ్చింది.

"అక్కా, నిన్నంత నా పేజీలనే ఉన్నరా ఏంది? నలభై ఒక్క లింకులు, ప్రతిదాని కింద మీ పేరే."

"ఊరికే చూద్దామని..."

"చూసుడేంది అక్కా, మొత్తం సర్దుకొని పోయిన్రు. సంచి సరిపోయిందా?"

ప్రిన్సిపాల్ గారు కూడా చూశారట. "మీ ఇద్దరిలో ఎవరిదో తేల్చుకోలేకపోయాను. సీనియర్ లైబ్రేరియనే నలభై ఒకటి దాచుకున్నాక ఇంక ఆలోచించేదేముంది" అన్నారు. నేను నవ్వాను. ఆ నవ్వుకు దవడలు నొప్పెట్టాయి.

ఇప్పుడు రోజూ పొద్దున కంప్యూటర్లు తెరిచే పని నాదే. పన్నెండిట్లోనూ ఆవిడ పేజీయే పలకరిస్తుంది.

పోయిన వారం ఆ అమ్మాయి నా పేజీ నుంచి తాబేళ్ల లింకు దాచుకుంది. ఆ ఒక్కటే. తీసేయలేదు కదా అని రోజుకు రెండుసార్లు వెళ్లి, దాని కింద ఆవిడ పేరు చూసి వస్తున్నాను.